గుండ్లకమ్మలోకి దిగిన బోధకులు

మా ఒంగోలులో బాప్టిస్టు సంఘం ఊసెత్తితే ఎవరైనా ముందు తలచేది అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారిని. ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు. పెద్ద గుడికి ఆయనకంటే ముందు వచ్చిన జ్యూయెట్ గారి పేరు. ఆ గౌరవం వాళ్ళకు దక్కాల్సిందే. అయితే ఈ సంఘాన్ని పల్లెపల్లెకూ మోసుకెళ్ళింది చెప్పులు కుట్టుకుని బతికిన మాదిగ బోధకులు. వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

నెల్లూరులో స్థిరపడిన ఈ అమెరికన్ మిషనుకు తొలి రోజుల్లో చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు మరి ముగ్గురు తెలుగువాళ్ళతో కలిసి మన ఊరి కొండెక్కారు. ఒంగోలుకు ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో జూలియా అనే నెల్లూరు అమ్మాయి ఒకరు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. జాన్ క్లౌ వచ్చింది 1866లో. 1867 జనవరి 1న సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది.

అసలు మలుపు తిప్పింది యెర్రగుంట్ల పేరయ్య. పడమటి పల్లెల మనిషి, తోలు పని ఆయన వృత్తి. అప్పటికే గురువు దగ్గర యోగం నేర్చి, పదిమందికి చెప్పగలిగినవాడు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట ఆయన చెవిన పడింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడాది మొదట్లోనే క్లౌ గారిని తన పల్లెకు పిలిపించారు. అక్కడ 28 మంది చేరారు. ఆ దారిలోనే బంగారపు తాతయ్య లాంటివాళ్ళు వచ్చారు. వీళ్ళు కొత్తగా దారులు వేయలేదు. తోళ్ళ బేరానికి తిరిగిన ఊళ్ళు, పిల్లనిచ్చిన ఊళ్ళు, తెచ్చుకున్న ఊళ్ళు, వీటి వెంటే మాట నడిచింది.

మాదిగలు గుళ్ళోకి వస్తున్నారని తెలియగానే పై కులాలవాళ్ళు తమ పిల్లల్ని మిషను బడి మాన్పించారు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్న తర్జనభర్జనలో క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని చెబుతారు. పేదలనే ఉంచుకున్నారు.

తర్వాత 1876–78 నాటి కరువు. మద్రాసు గవర్నరు పేరు మీద తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఒకప్పుడు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు కాబట్టి కొలతలూ మట్టి లెక్కలూ ఆయనకు తెలుసు. కాలువ గట్టున మేస్త్రీలుగా నిలబడింది మాత్రం మన బోధకులే. తవ్వేవాళ్ళు తవ్వుతుంటే, తట్టలు మోసేవాళ్ళు గట్టెక్కిస్తుంటే, ఒక్కో గుంపును ఒక్కో బోధకుడు చూసుకునేవాడు. ఎముకల గూళ్ళయి వచ్చినవాళ్ళకు చేతనైన పని చూపించాలి, సాయంత్రం కూలి అందేలా చూడాలి. మధ్యాహ్నం పని ఆగిన కాసేపట్లో వాళ్ళ మధ్యనే కూర్చుని సువార్త చెప్పేవాడు. చేరతామని ఎందరు అడిగినా, కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ పట్టుదల నాకు కాలువకన్నా గొప్పగా కనబడుతుంది.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ముందు రోజు 614, మర్నాడు 700, మూడు రోజుల్లో 3,536. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. బాప్తిస్మమిచ్చింది ఆరుగురు బోధకులు. ఇద్దరు నీళ్ళలో ఉంటే, వాళ్ళు అలిసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపారు. మళ్ళీ రెండింటికి మొదలైతే పొద్దుగూకేదాకా సాగింది. ఎవరెవరు తగినవాళ్ళో చెప్పింది కూడా ఆయా పల్లెలు తిరిగిన బోధకులే.

నది ఒడ్డున ముగిసిన పని పల్లెలో మొదలైంది. ఆదివారం పనికి వెళ్ళకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చేరినవాళ్ళకు పెట్టిన నియమాలివి. మూడూ ఊరి కట్టుబాటును తాకేవే. జాతరకు డప్పు కొట్టబోమన్నవాళ్ళ మీద ఊరు పగబట్టింది. పని పోయింది, నీళ్ళు బందయ్యాయి, దొంగ కేసులు వచ్చాయి. అర్జీ రాయించాలన్నా, ఒంగోలు దాకా నడిచి చెప్పాలన్నా బోధకుడే దిక్కు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, రాత్రి దీపం ముందు ప్రార్థన చేయించేదీ ఆయనే. పల్లెవాళ్ళు పెట్టే గింజలు ఆయన జీతంలో భాగం. ఇలాంటివాళ్ళను తయారుచేయడానికి 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల పెట్టారు. అందులో విద్యార్థులతో పాటు వాళ్ళ భార్యలకూ చదువు చెప్పడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఈ మిషను పెట్టిన బడులూ ఆస్పత్రీ సంగతి అందరికీ తెలిసిందే. కావలిలో ఎరుకలవాళ్ళ కోసం ఇదే మిషను నడిపిన సెటిల్‌మెంటును మాత్రం వాటి సరసన ఊరికే రాయలేను. అక్కడ పనీ చదువూ ఉన్నా, అది నేరస్థ తెగల చట్టం కింద మనుషుల్ని కట్టిపడేసిన చోటు.

పేరయ్య, తాతయ్యల జీవితాలు మనకు ఇంతగా తెలియడానికి కారణం క్లౌ గారి రెండో భార్య ఎమ్మా. ఆమె వాళ్ళ కథలు విని 1899లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాతి తరం పాస్టర్ల కథలు అలా విని రాసినవాళ్ళు అరుదు. పల్లె సంఘాల్లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఎక్కడ మిగిలి ఉన్నా, బాప్తిస్మమిచ్చిన పాస్టరు పేరును ముందు ఎత్తి రాసుకోవాలి. చెదలు ముందే అందుకుంటే ఆ పేరు మళ్ళీ దొరకదు.