ప్రెస్సు దూలం: ప్రతిబలం, వంపు లెక్కించే విధానం

బేరింగులు ఊడదీయడానికి, బుష్షులు ఎక్కించడానికి చిన్న వర్క్‌షాపులవారు ఉక్కు ఛానళ్లతో చట్రం వెల్డింగ్ చేసి, నడుమ హైడ్రాలిక్ జాకీ నిలిపి ప్రెస్సు తయారు చేసుకోవడం పరిపాటి. జాకీపై రాసి ఉన్న టన్నుల సంఖ్య జాకీ శక్తిని మాత్రమే తెలుపుతుంది. చట్రం అంత భారం మోయగలదా లేదా అన్నది లెక్క వలననే తేలుతుంది.

ఉదాహరణకు 10 టన్నుల జాకీ, నిలువు స్తంభాల నడుమ 600 మి.మీ. ఎడం గల ప్రెస్సును తీసుకుందాం. భారం సుమారు 1,00,000 న్యూటన్లు. దూలం రెండు కొనలా ఆని ఉండి, భారం సరిగా నడుమ పడినప్పుడు బెండింగ్ మూమెంట్ = భారం × ఎడం ÷ 4; అనగా 1,50,00,000 న్యూటన్-మి.మీ. దీనిని సెక్షన్ మాడ్యులస్‌తో భాగిస్తే ప్రతిబలం లభిస్తుంది.

100 మి.మీ. ఎత్తు గల ఛానళ్లు రెండింటికి ఆ విలువ సుమారు 75,000 ఘన మి.మీ. ప్రతిబలం చదరపు మి.మీ.కు 200 న్యూటన్లు. సాధారణ మైల్డ్ స్టీలు 250 వద్ద శాశ్వతంగా వంగుతుంది. 1984 నాటి ఐ.ఎస్. 800 ప్రమాణం, పక్కకు ఒరగని దూలానికి అందులో 0.66 వంతు, అనగా 165 వరకే అనుమతించింది. కనుక ఈ జత చాలదు. 150 మి.మీ. ఛానళ్ల జతకు సెక్షన్ మాడ్యులస్ సుమారు 2,08,000. ప్రతిబలం 72 మాత్రమే.

వంపు = భారం × ఎడం ఘనం ÷ (48 × యంగ్ గుణకం × జడత్వ భ్రామకం). ఉక్కు యంగ్ గుణకం సుమారు 2,00,000. ఈ లెక్కన మొదటి జత 0.6 మి.మీ., రెండవది 0.14 మి.మీ. వంగుతాయి. ఎడం రెట్టింపైతే ప్రతిబలం రెట్టింపవుతుంది. వంపు ఎనిమిది రెట్లవుతుంది. గట్టి రకం ఉక్కు వాడినా యంగ్ గుణకం దాదాపు మారదు గనుక వంపు తగ్గదు.

ఒంటి ఛానల్ భారం కింద మెలి తిరుగుతుంది. అందువలన జతగా అమర్చి, భారం రెండింటిపై సమానంగా పడేలా మందపు పలక వేయాలి. పై దూలానికీ, బల్ల దూలానికీ లెక్క ఒక్కటే. పిన్నులను, వెల్డింగు అతుకులను వేరుగా లెక్కించాలి. ఒక్కొక్క వైపు 50,000 న్యూటన్లు వాటి మీదుగానే స్తంభానికి చేరతాయి.

వంగిన దూలం బిగించిన స్ప్రింగు వంటిది. అతుకు తెగినా, పనిముట్టు జారినా ఆ శక్తి ఎదుట నిలిచిన మనిషి మీదికే వస్తుంది. కావున లెక్క ముందు, వెల్డింగు తరువాత.