మరుభూమిలో ఒక పత్రిక

చార్మినారు చుట్టునున్న పాతనగరపు వీథులలో నూరేండ్ల క్రిందట తెలుగు మాట్లాడువారు లేకపోలేదు. వారు చదువుకొనుటకు తెలుగు పత్రికయే అరుదు. కచేరీలలో ఉర్దూ, ఉన్నత పాఠశాలలలో ఉర్దూ, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే. సభ జరుపుకొనవలెనన్న సర్కారువారి అనుమతి కావలసియుండెను. బయటివారు తెలంగాణమును సాహిత్యమునకు మరుభూమి యని తలచిరన్న వింత యేమున్నది?

అట్టి నగరమున 1926 మే 10వ తేదీన ‘గోలకొండ పత్రిక’ వెలువడెను. వారమునకు రెండు సంచికలు. సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. వ్యాసములు వ్రాయుటయు, అచ్చుతప్పులు దిద్దుటయు చాలవరకు ఆయన పనియే. లాభమునకై పెట్టిన వ్యాపారము కాదది. దానికి అండగా నిలిచినవారిలో నగర కొత్వాలు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారొకరు. పోలీసు అధికారియే, సర్కారు తప్పులెన్న వెనుదీయని పత్రికకు ఆప్తుడగుట చిత్రము కాదా! ఆ అండ లేనిచో నది యెన్నాళ్లు నిలిచెడిదో నేను చెప్పజాలను.

తెలంగాణమున కవులే లేరన్న మాట యొకటి ఆ రోజులలో వినవచ్చెను. ప్రతాపరెడ్డిగారి మనస్సు నొచ్చినది. ఆయన సమాధానము వాదము కాదు, పద్యములే. ఊరూరినుండి కవుల పద్యములను, వివరములను రప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు కవయిత్రులును కలరు. ఊరి పొలిమేర దాటి పేరు వినబడని వారును కలరు. మీ యింటి పాత పెట్టెలో ఆ సంచిక యున్నచో తెరచి చూడుడు. మీ గ్రామము పేరు కనబడవచ్చును.