సంధిపత్రములోని మాట – శ్రామికుని చేతిలోని కూలి

దేశముల చరిత్రను రాజుల పేరను, మంత్రుల పేరను వ్రాయుట వాడుక. కాని ఒక ఒప్పందము మంచిదో చెడ్డదో తెలియవలెనన్న, దానిపై సంతకము చేసినవారిని గాక, దాని క్రింద బ్రతికినవారిని అడుగవలెను. ద్వితీయ ప్రపంచ సంగ్రామానంతరము పశ్చిమ ఐరోపా దేశములు తమ ఆర్థిక జీవనమును ఏకము చేసికొనిన కథకు ఈ మాట మిక్కిలి వర్తించును.

1951 ఏప్రిల్ 18వ తేదీన పారిస్ నగరమున ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలెండు, లక్సెంబర్గు దేశములు బొగ్గు, ఉక్కు పరిశ్రమల ఉమ్మడి సంస్థను నెలకొల్పుకొనెను. ఆ రెండు వస్తువులును ఉమ్మడి అధికారము క్రిందికి వచ్చినచో ఫ్రాన్సు జర్మనీల నడుమ మరల యుద్ధము సాధ్యము కాదని దాని కర్తల ఆశయము. ఈ విషయమున కార్మికలోకము ఏకాభిప్రాయముతో లేదు. ఫ్రాన్సులోని సి.జి.టి., ఇటలీలోని సి.జి.ఐ.ఎల్. సంఘములు దీనిని వ్యతిరేకించెను. పశ్చిమ జర్మనీ కార్మిక సంఘముల సమాఖ్య మాత్రము, సోషల్ డెమోక్రాటిక్ పక్షము కాదనుచున్నను, బలపరచెను. బెల్జియము కార్మిక నాయకుడు పాల్ ఫినే తొమ్మిదిమంది సభ్యులు గల ఉన్నతాధికార మండలిలో స్థానము పొంది, 1958లో దాని అధ్యక్షుడయ్యెను. పరిశ్రమలలోని మార్పుల వలన పని కోల్పోయినవారికి భృతి నిచ్చుటకును, క్రొత్త పని నేర్పుటకును నిధులు ఏర్పడెను. ఇవి చిన్న లాభములు కావు.

అయినను భూగర్భమున పనిచేయువాని ప్రాణమునకు రక్షణ చాలలేదు. 1946లో కుదిరిన ఒడంబడిక ననుసరించి ఇటలీ కూలీలను పంపుచుండెను. బెల్జియము అందులకు బదులుగా ఇటలీకి బొగ్గు అమ్ముచుండెను. మనుష్యులను బొగ్గుతో తూచిన బేరమని నాటి శ్రామికులు దానిని తలచుటలో వింత లేదు. 1956 ఆగస్టు 8వ తేదీన మార్సినెల్‌లోని బువా ద్యు కాజియే గనిలో, లిఫ్టునందు సరిగా అమరని బొగ్గుబండి కారణముగా నూనె గొట్టమును, విద్యుత్తు తీగెలును తెగి మంటలు చెలరేగెను. 262 మంది మరణించిరి. అందు 136 మంది ఇటలీవారు. ఆ ఘోరము జరిగిన పిమ్మట, 1957లో గాని గనుల భద్రతకై ఆ ఉమ్మడి సంస్థ ప్రత్యేక సంఘమును నియమింపలేదు.

ఆ 1957లోనే, మార్చి 25న, ఈ ఆరు దేశములే రోము నగరమున మరియొక సంధి చేసికొని, ఉమ్మడి విపణికి పునాది వేసినవి. అందలి 119వ అధికరణము సమానమైన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనము నీయవలెనని విధించెను. ఇది స్త్రీల యెడ దయచే పుట్టిన వాక్యము కాదు. ఫ్రాన్సులో సమాన వేతన నియమము అప్పటికే యుండెను. ఇతర దేశముల యజమానులు స్త్రీలకు తక్కువ కూలి యిచ్చి తమ బట్టల మిల్లులను దెబ్బతీయుదురని ఫ్రెంచివారు భయపడిరి. అందుచే సరకుల పోటీ కొరకు ఆ వాక్యము చేరినది. 1961 చివరకు అది అమలు కావలసియుండగా, ఆ డిసెంబరు 30న ప్రభుత్వములు గడువును 1964 చివరకు జరుపుకొనెను. ఆ గడువును దాటిపోయెను.

అంతట శ్రామిక స్త్రీలే ఆ వాక్యమును చేతబట్టిరి. బెల్జియములో లీజ్ నగరము చెంత హెర్‌స్టాల్ అను ఊర గొప్ప ఆయుధ కర్మాగారము కలదు. అందు యంత్రముల వద్ద పనిచేయు స్త్రీలు, సుమారు 3,000 మంది, 1966 ఫిబ్రవరి 16న పని మానిరి. సమాన పనికి సమాన వేతనమనునది వారి నినాదము. వారు చేసిన విడిభాగములు లేనిదే కర్మాగారము నడువదు గనుక పురుషులకును పని లేకపోయెను. ఇంట భార్యాభర్తలిరువురి కూలియు నిలిచిపోయిన కుటుంబములు కలవు. అయినను పండ్రెండు వారములు సమ్మె సాగినది. గంటకు 5 ఫ్రాంకులు అడిగినవారికి 2.75 ఫ్రాంకుల పెంపు దక్కినది. సమానత్వము సిద్ధింపలేదు, కాని ఎవరును పట్టించుకొనని ఆ అధికరణము అందరి నోట పడినది.

ఏలియాన్ ఫోగెల్-పోల్స్కీ అను న్యాయవాది, 119వ అధికరణము ప్రభుత్వముల కొరకు వేచియుండనక్కరలేదనియు, ఏ శ్రామికురాలైనను న్యాయస్థానమున నేరుగా దానిని చూపవచ్చుననియు వాదించినది. గాబ్రియేల్ డెఫ్రెన్ అను విమాన పరిచారిక పక్షమున ఆ వాదము నిలిచెను. బెల్జియము విమాన సంస్థ సబేనా నియమము ప్రకారము స్త్రీలు నలువదియవ యేట పని విడువవలెను. పురుషులకు ఆ నియమము లేదు. డెఫ్రెన్ వ్యవహారము మూడు మారులు ఐరోపా న్యాయస్థానము నెక్కినది. 1971లో పింఛను విషయమునను, 1978లో వయోనియమము విషయమునను ఆమె ఓడినది. వేతనమును గూర్చి మాత్రము 1976 ఏప్రిల్ 8న గెలిచినది. అయితే పాత బకాయిలు అప్పటికే దావా వేసినవారికి మాత్రమే చెల్లునని న్యాయస్థానము హద్దు గీచెను. తెలియక ఊరకున్న లక్షలాది స్త్రీల వెనుకటి కూలి అట్లు పోయినది.

కథ అంతటితో ముగియలేదు. 2023 నాటికిని ఐరోపా సమాఖ్యలో స్త్రీల గంట కూలి పురుషులదానికన్న సగటున 12 శాతము తక్కువ. ఆ సంవత్సరమే, వేతనముల వివరములను దాచక ఉద్యోగులకు తెలుపవలెనని సమాఖ్య క్రొత్త ఆదేశము వెలువరించినది. ప్రక్కవాని కూలి యెంతో తెలియనిదే అసమానతను నిరూపించుట ఎట్లు?

ఐరోపా శ్రామికులు ఉమ్మడి విపణిని పూర్తిగా నమ్మలేదు, పూర్తిగా త్రోసివేయనులేదు. విపణి కొరకు వ్రాసిన వాక్యమును తమ బ్రతుకు కొరకు చదువుకొనిరి. పందొమ్మిదేండ్లు కాగితముపై నిద్రించిన అక్షరమును మేలుకొల్పినవారు దానిని వ్రాసినవారు కారు, చదివి అడిగినవారు. గ్రంథాలయములు గల ప్రతి ఊరును తలచుకొనదగిన విషయమిది.