బార్కస్‌లో ఒక జీపు, దాని బోల్టులు

బార్కస్ అనగానే మన ఐటీ జనాలకి గుర్తొచ్చేది మండీ. మేమూ దానికోసమే వెళ్ళాం. తిన్నాక మా టీములోని బార్కస్ కుర్రాడు, "అన్నా, మా ఇంట్లో నిజాం ఫౌజు ఆఫీసర్ స్టాఫ్ కారుంది. కొనడానికి ఒకాయన వస్తానంటున్నాడు. అసలుదో కాదో చూసిపెట్టవా" అన్నాడు. నా పాత బళ్ళ పిచ్చి ఆఫీసులో అందరికీ తెలుసు లెండి.

బార్కస్ పేరే బారక్స్ నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల వాడ ఇది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా, ఐదు రోజుల్లో పోలీసు చర్య ముగిసింది. ఫౌజు పోయింది, జీతాలు పోయాయి, పేరు మిగిలింది. అలాంటి చోట ఒకింట్లో మిలిటరీ బండి ఉందంటే నమ్మబుద్ధేస్తుంది.

టార్పాలిన్ తీస్తే జీపు! నేనేమో హంబర్ సూపర్ స్నైప్ లాంటిదేదో ఊహించుకున్నా. సరే, ఆఫీసర్లు జీపుల్లోనూ తిరిగారు కాబట్టి పేచీ లేదు. మడ్‌గార్డు మీద జెండా కర్ర గుచ్చే గొట్టం ఉంది. కుర్రాడికి అదే పెద్ద సాక్ష్యం. నాకు మాత్రం అనుమానమంతా దానిమీదే, ఎందుకంటే గొట్టం ఎవరైనా అతికించొచ్చు.

ముందు గ్రిల్లు కంతలు లెక్కపెట్టాను. తొమ్మిది. యుద్ధకాలపు జీపుకి తొమ్మిది, తర్వాతి సివిలియన్ జీపుకి ఏడు. మన మహీంద్రా జీపులు ఈ రెండో రకం నుంచి వచ్చినవే. (అన్నట్టు, ఆ కంపెనీ 1945లో పుట్టినప్పుడు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్, అంటే గులాం మొహమ్మద్, నిజాం ఆర్థిక వ్యవహారాలు చూసినవాడే. తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు.)

గ్రిల్లు మార్చెయ్యొచ్చు కాబట్టి అక్కడితో ఆగలేదు. హెడ్‌లైటు నట్టు వదులు చేసి వెనక్కి తిప్పితే ఇంజను మీదికి వెలుగు పడేలా తిరిగింది. రాత్రిపూట రిపేరు కోసం మిలిటరీ జీపుకి చేసిన ఏర్పాటది. పెట్రోలు మూత డ్రైవరు సీటు కిందే ఉంది. వెనక తెరుచుకునే తలుపు లేదు. ఇవన్నీ సరిగ్గా సరిపోయాయి.

తర్వాత టార్చి పట్టుకుని కిందికి దూరాను. రేడియేటరు కింద అడ్డంగా గుండ్రటి గొట్టం, అంటే విల్లీస్ ఛాసిస్. ఫోర్డు చేసినవాటికి అక్కడ పలకల పట్టీ ఉంటుంది. కానీ బోల్టులు తుడిచి చూస్తే రెండింటి తలమీద 'ఎఫ్' అక్షరం! ఫోర్డువాళ్ళు తాము చేసిన ముక్కల మీద, చివరికి బోల్టు మీద కూడా, ఆ అక్షరం కొట్టేవారు. విల్లీస్ ఒంట్లో ఫోర్డు బోల్టులన్నమాట. మిలిటరీ వర్కుషాపుల్లో చేతికి దొరికింది బిగించేవారు కాబట్టి వింతేం కాదు. మన లెగసీ కోడ్ కూడా అంతేగా.

అంటే రెండో ప్రపంచయుద్ధపు జీపే. మరి నిజాం ఫౌజుదా? దానికి ఇందులో ఏ ముక్కా జవాబు చెప్పదు. ఆ ఫౌజుకి మోటారు బళ్ళున్న మాట నిజమే. 1948లో విజయవాడ వైపు నుంచి వచ్చిన సైన్యానికి వాళ్ళ హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లే ఎదురయ్యాయి. కానీ యుద్ధం అయిపోయాక మిగులు జీపులు వేలంలో ఎవరైనా కొనుక్కున్నారు. పాత కాగితం ఒక్కటైనా లేకుండా 'నిజాంది' అని చెప్పి అమ్మితే అది మోసమవుతుందన్నాను. కుర్రాడి మొహం చిన్నబోయింది. ఆ ఎఫ్ బోల్టులు మాత్రం కొత్తవాటితో మార్చనివ్వద్దని చెప్పాను.

వాళ్ళ చిచ్చా అంతసేపూ గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. "మరి ఆ జెండా గొట్టం సంగతేంటి చిచ్చా?" అని కుర్రాడు ఆఖరి ఆశతో అడిగాడు.

"అదా? మీ నాన్న పెళ్ళి బరాత్‌కి నేనే వెల్డింగ్ చేయించా. ముందు మర్ఫా వాళ్ళు, వెనక ఈ జీపు" అన్నాడాయన నవ్వుతూ.

కొనేవాడికి అది కూడా చెప్పమన్నాను.