పేరు లేని పటం: ముగ్గురు మైసూరు రాణుల కథ

మనలో చాలామంది ఇళ్ళల్లో, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆల్బం చివరి పేజీలో ఒక పాత ఫోటో ఉంటుంది. అందులో ఉన్నదెవరని పిల్లలు అడిగితే "తాతయ్య వైపు వాళ్ళెవరో" అని దాటవేస్తాం. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇప్పుడు లేరు. మామూలు కుటుంబాలకే ఈ గతి, రాజుల పటాలకు పట్టదని అనుకుంటాం. కానీ మైసూరు రాణుల పటం ఒకటి చాలాకాలం పేరు లేకుండానే ఉండిపోయింది. అంతకన్నా విచారమేమిటంటే, ఆ రాణులను నాట్యకత్తెలుగా, భోగం స్త్రీలుగా లెక్కగట్టారు.

థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రమది. అందులో ముగ్గురు స్త్రీలు ఉన్నారు. తల నిండా నగలు, చేతులకు బరువైన బంగారు ఆభరణాలు, పెదవుల మీద సన్నని చిరునవ్వు. కుడివైపున ఉన్నామె పైట కొంచెం పక్కకు జరిపి తన ఎడమ జబ్బను వేలితో చూపిస్తోంది. ఆ రోజుల్లో రాణివాసపు స్త్రీలు పరాయి మగవాడి ఎదుట, అందులోనూ తెల్లదొర ఎదుట ఇలా నిలబడటం ఊహకందని సంగతి. అందుకే వీళ్ళు నాట్యకత్తెలే అయి ఉంటారని అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్‌కు ఆ మాట నచ్చలేదు. ఆయన మైసూరు చరిత్ర లోతుగా చదివినవాడు. ఆ తలనగలూ, చేతుల మీది బంగారమూ ఒడయార్ రాణుల అలంకారమేనని గుర్తుపట్టాడు. తన వాదనను 2001లో ప్రచురించాడు. 2007లో సదబీస్ సంస్థ ఈ చిత్రాన్ని వేలానికి పెట్టింది.

ఇంతకీ ఈ పటం ఎప్పటిది? ఇలాంటి చిక్కుముడి విప్పడానికి ఒక పాత పద్ధతి ఉంది. "ఇంతకు ముందు అయ్యే వీలు లేదు" అనే గీత ఒకటి, "ఇంతకు తర్వాత అయ్యే వీలు లేదు" అనే గీత ఒకటి గీసుకుని, రెంటినీ దగ్గరకు జరుపుకుంటూ పోవాలి. హికీ మద్రాసుకు వచ్చింది 1798లో. మరుసటి ఏడు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మరణించాడు. ఈస్టిండియా కంపెనీ వారు ఒడయార్ల వంశంలోని ఐదేళ్ళ బాలుణ్ణి, మూడవ కృష్ణరాజ ఒడయార్‌ను, గద్దె మీద కూర్చోబెట్టారు. హికీ ఆ దర్బారు వాళ్ళ చిత్రాలు వేశాడు. దివాను పూర్ణయ్య పటం కూడా ఆయన చేతిదే. 1805లో బాలరాజుకు దేవాజమ్మణ్ణితో వివాహమైంది. 1806 జూలై నాటి దర్బారు పత్రాలలో ఆ చిన్నరాణి టీకా వేయించుకున్నదనీ, అది చూసి ప్రజలు కూడా ముందుకు వస్తున్నారనీ రాసి ఉంది. కాబట్టి చిత్రం సుమారు 1805 నాటిదని తేలింది.

టీకా అనగానే ఆమె వేలు జబ్బ వైపు ఎందుకు చూపుతోందో అర్థమైంది! ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టింది 1796లో. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు వేశారు. అప్పట్లో సీసాలూ శీతల పెట్టెలూ లేవు. ఒకరి చేతి మీద లేచిన పొక్కులోని రసి తీసి మరొకరి చేతికి ఎక్కించేవారు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి అనే కులపట్టింపు ఒకటి, అమ్మవారికి కోపం వస్తుందన్న భయం మరొకటి. సాక్షాత్తూ రాణి వేయించుకుంటే ఇక సామాన్యులకు అభ్యంతరం ఏముంటుంది? జనాన్ని టీకాకు ఒప్పించడానికే కంపెనీ ఈ చిత్రం వేయించిందని ఛాన్సలర్ అంటాడు.

ఎడమవైపున ఉన్నామె రాజు మొదటి భార్య. ఆమె పేరు కూడా దేవాజమ్మణ్ణే. ఆమె ముక్కు కింద, నోటి చుట్టూ చర్మం రంగు మారి ఉంది. అది పాతకాలపు పద్ధతికి గుర్తు కావచ్చు. మశూచి పొక్కుల చెక్కులు పొడిచేసి ముక్కులోకి ఊదేవారు. నడుమ నిలబడినామె రాజుకు నాయనమ్మ వరస అయిన లక్ష్మమ్మణ్ణి. ఆమె భర్తను మశూచే పొట్టన పెట్టుకుంది. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య ఆ పెద్దామె నిలబడటమే రాజకుటుంబం వేసిన ఆమోదముద్ర అన్నమాట. దర్బారు పత్రాలు, పెళ్ళి తేదీ ఆధారాలు. ముఖాల గుర్తింపు మాత్రం వాటి మీద నిలబెట్టిన వాదన. ఈ తేడా మరచిపోకూడదు.

మన తరం వాళ్ళ జబ్బల మీద కూడా ఆ మచ్చ ఉంది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో కనిపించింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు "ఇదేమిటి నాన్నా?" అని వేలు పెట్టి అడుగుతారు. దేవాజమ్మణ్ణి వేలు చూపిస్తున్నది కూడా అక్కడికే.

ఈ హికీ దొరకు మన తెలుగువాళ్ళతో కూడా సంబంధం ఉంది. 1824లో ఆయన కన్నుమూసింది మద్రాసులోనే. అంతకు ముందు 1816లో కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రం వేశాడు. మన ఊళ్ళ కైఫీయతులు రాయించి పెట్టిన మెకంజీయే ఆయన. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ వారి దగ్గరున్న ఆ పటంలో దొర చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉంటారు. వారిలో ఒకరు మన కావలి వెంకట లక్ష్మయ్య అని పరిశోధకులు చెబుతారు. కైఫీయతుల కోసం అంత శ్రమపడిన మనిషిని కూడా మరొకరు గుర్తుపట్టి పేరు చెప్పవలసి వచ్చింది.

రాణులకు ఒక ఛాన్సలర్ దొరికాడు. మన అమ్మమ్మలకూ, తాతయ్యలకూ మనం తప్ప ఎవరున్నారు? ఈ సంబరాల నుంచి ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. ఆ పాత ఫోటోను బయటకు తీయండి. అట్ట మీద స్టూడియో పేరు, ఊరు ఉన్నాయేమో చూడండి. ఇండియాకు ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళను అడగండి. పెళ్ళికి ముందా తర్వాతా, చంకలో ఉన్న పిల్ల ఎవరు, ఆ ఇల్లు ఎప్పుడు కట్టారు? ఆ రెండు గీతలూ వాళ్ళ మాటల్లోనే దొరుకుతాయి. తెలిసినంత వరకు పేర్లు, వరసలు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో వెనుక రాసి పెట్టండి. ఎవరు చెప్పారో కూడా రాయండి. రేపు మన మనవలు ఆ ఫోటో పట్టుకుని "వీళ్ళెవరు?" అని అడిగితే, వెనక్కి తిప్పి చూసుకుంటే చాలు.