నిప్పుల గుండం: శాస్త్ర పరీక్షల చరిత్రలో మారుతూ వచ్చిన ప్రశ్న

‘నిప్పు తొక్కిన కోతి’ అన్న నుడికారం వెనుక ఉన్న లోకానుభవం స్పష్టమైనదే. నిప్పు మీద అడుగు పడితే కాలుతుంది. అయితే అదే తెలుగు నేల మీద వీరభద్రస్వామి ఉత్సవాల్లో భక్తులు గుండం తొక్కుతారు. చిత్తూరు ప్రాంతంలోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల్లో రోజుల తరబడి సాగే భారత ఉత్సవం దుర్యోధన వధ అనంతరం అగ్నిగుండ ప్రవేశంతో ముగింపుకు వస్తుంది. పీర్ల పండుగ నాడు కొన్ని ఊళ్ళలో హిందువులు, ముస్లిములు కలిసి నిప్పుల మీదుగా సాగుతారు. నుడికారం చెప్పేది ఒకటి, ఆచారం చూపేది మరొకటి. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడాన్ని నమ్మినవారు మహిమతోను, నమ్మనివారు మోసమన్న అనుమానంతోను పూరించుకున్నారు. ఇరుపక్షాల వారూ ‘ఎందుకు కాలలేదు’ అన్న ఒకే ప్రశ్నకు జవాబు వెతికారు. కాలి తీరాలన్న ఊహ ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. నిప్పుల నడకపై జరిగిన పరీక్షల చరిత్రను వరుసగా చూస్తే, ఆ ఊహను పక్కనపెట్టడానికి పరిశోధకులకు ఎంతకాలం పట్టిందో తెలుస్తుంది.

సందేహం కొత్తదేమీ కాదు. రోమ్ నగరానికి ఉత్తరాన సొరాక్టే కొండ వద్ద అపోలో దేవునికి ఏటా జరిగే బలి సందర్భంలో ‘హిర్పి’ అనే కొన్ని కుటుంబాలవారు కాలిన దుంగల మీదుగా నడిచేవారని, అందుకు ప్రతిగా సెనేటు వారికి సైనిక సేవనుంచి మినహాయింపు ఇచ్చిందని క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన ప్లినీ రాశాడు. అంతకు ముందే వర్రో అనే పండితుడు, వారు అరికాళ్ళకు ఏదో మందు పూసుకుంటారని అభిప్రాయపడినట్లు వర్జిల్ వ్యాఖ్యాత సెర్వియస్ నమోదు చేశాడు. పసరు పూసుకుంటారన్న మాట ఈనాటికీ మన ఊళ్ళలో వినిపించేదే. రెండువేల ఏళ్ళుగా ఒకే అనుమానం మారకుండా నిలవడం విశేషం.

భారతీయ ధర్మశాస్త్రాల్లోని అగ్నిదివ్యం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. తుల, అగ్ని, జలం, విషం, కోశం అనే అయిదు దివ్యాలను యాజ్ఞవల్క్యస్మృతి పేర్కొంది. అగ్నిదివ్యంలో నిందితుని అరచేతులను వడ్లతో రుద్ది, అంతకు ముందే ఉన్న మచ్చలను గుర్తిస్తారు. తరువాత ఏడు రావి ఆకులు చేతులపై ఉంచి దారంతో చుట్టి, ఎర్రగా కాల్చిన 50 పలాల ఇనుప గుండును వాటిపై పెడతారు. అతను ఏడు మండలాలు నడిచి గుండును విడవాలి. పిమ్మట చేతులను మళ్ళీ వడ్లతో రుద్ది చూస్తారు. కాలిన గుర్తు లేకపోతే నిర్దోషి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరే కేతన విజ్ఞానేశ్వరీయానికి మూలం కనుక ఈ సంప్రదాయం తెలుగు సాహిత్యానికి దూరమైనది కాదు. ఈ విధిలో దైవవిశ్వాసంతో పాటు పరీక్షకుని జాగ్రత్త కూడా ఉంది: ముందుగా దేహాన్ని పరిశీలించడం, బరువు, దూరం, మధ్యనున్న అడ్డు అన్నీ నిర్ణయించడం, తరువాత మళ్ళీ పరిశీలించడం. ఏడు ఆకుల అడ్డు లేకుండా ఎర్రని ఇనుమును పట్టుకొమ్మని స్మృతికారుడు ఏ నిర్దోషినీ ఆదేశించలేదు. ఇనుముకూ కట్టెబొగ్గుకూ ఉన్న తేడా ఈ చరిత్రలో మున్ముందు కీలకమవుతుంది.

ఆధునిక కాలంలో కొలతతో కూడిన తొలి పరిశీలనల్లో 1901లో తహితి ద్వీపంలో జరిగినది ముఖ్యమైనది. అక్కడి ఆచారంలో నడిచేది నిప్పుల మీద కాదు, కట్టెల మంటతో కాల్చిన అగ్నిపర్వత శిలల మీద. పాపా ఇటా అనే పూజారి నడకను చూసిన స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి ఎస్.పి. లాంగ్లీ, గుండం నడుమ నుంచి ఒక రాయిని తీయించి నీటిలో వేయించాడు. నీరు సుమారు 12 నిమిషాలు మరుగుతూనే ఉంది. దానినిబట్టి రాతి సగటు ఉష్ణోగ్రత 1200 ఫారన్‌హీట్ డిగ్రీల మేర ఉంటుందని ఆయన లెక్కగట్టాడు. అంత వేడి ఉన్న మాట నిజమే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఆ రాయి సందులున్న బసాల్టు కావడంవల్ల ఒక కొన ఎర్రగా కాలుతున్నా రెండో కొనను చేత్తో పట్టుకోవచ్చునని పరీక్షించి చూపాడు. లోపల వేడి ఉంది కాని అది పైకి నెమ్మదిగా వస్తుంది. ఈ ఫలితం అదే ఏడాది ‘నేచర్’ పత్రికలో వెలువడినా, తరువాతి పరిశోధకులు దానిని తగినంతగా పట్టించుకోలేదు.

1935 సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, కార్షాల్టన్ వద్ద జరిగిన పరీక్షలు లోకప్రసిద్ధం. హారీ ప్రైస్ ఆధ్వర్యంలో లండన్ విశ్వవిద్యాలయ మానసిక పరిశోధక మండలి వీటిని ఏర్పాటు చేసింది. నడిచినవాడు కాశ్మీరుకు చెందిన ఐంద్రజాలికుడు ఖుదా బక్ష్. వైద్యుడు అతని పాదాలు పరీక్షించాడు, కడిగించాడు, అరికాలికి ఒక చిన్న ప్లాస్టరు ముక్క అంటించాడు. నడక ముగిశాక ప్లాస్టరు కాలలేదు, పాదం బొబ్బలెక్కలేదు. వర్రో నాటి లేపనాల వాదం ఆ రోజుతో వీగిపోయింది. నిప్పుల ఉపరితలం 430 సెల్సియస్ డిగ్రీలు, లోపలి భాగం 1400 డిగ్రీలు అని నమోదైంది. పత్రికలకు రెండో అంకె నచ్చింది, ఉక్కు కరిగే వేడిలో మనిషి నడిచాడన్న మాట దేశదేశాలకు పాకింది. నడిచినవాని పాదం ఆనింది లోపలి భాగాన్ని కాదన్న విషయం ఆ సందడిలో మరుగునపడింది. అతను వేసినవి నాలుగడుగులే అన్నదీ, ఒక్కో అడుగు నిప్పును ఆనినది సుమారు అర సెకను మాత్రమే అన్నదీ నివేదికలో ఉన్నా శీర్షికలకు ఎక్కలేదు. మళ్ళీ నడవమన్నప్పుడు తనలో విశ్వాసం సడలిందని, ఇక నడిస్తే కాలుతుందని అతను నిరాకరించాడు. అదే గుండంలో దిగిన ఒక విద్యార్థికి బొబ్బలు వచ్చాయి. మహిమను నమ్మేవారికి ఈ రెండు సంగతులూ బలమైన సాక్ష్యాలుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తీర్పు 1937లో వచ్చింది. అహ్మద్ హుస్సేన్ అనే మరొక భారతీయుణ్ణి మండలి పరీక్షించింది. తన శక్తిని వెంట నడిచేవారికి పంచగలనని అతను చెప్పుకున్నాడు. వెంట నడిచినవారి పాదాలు కొద్దిగా కాలాయి. గుండం పొడవు పెంచి అడుగుల సంఖ్య పెరిగేలా చేసినప్పుడు హుస్సేన్ పాదాలు కూడా కాలాయి. రెజినాల్డ్ అడ్‌కాక్ అనే ఆంగ్లేయుడు ఉపవాసం, మంత్రం, దీక్ష ఏవీ లేకుండా నడిచి క్షేమంగా బయటపడ్డాడు. పరీక్ష చేసే తీరు ఇక్కడే మారింది. అంతవరకూ మనిషిని పరీక్షించారు; ఇప్పుడు మనిషిని మార్చి, పొడవును మార్చి, ఏ మార్పుతో ఫలితం మారుతుందో చూశారు. మనిషి ఎవరన్నదానికంటే అడుగులెన్ని అన్నది నిర్ణాయకమని తేలింది.

ఇంత జరిగాక కూడా విజ్ఞానం పక్షాన ఒక అపోహ పుట్టడం ఈ చరిత్రలో ఆలోచింపజేసే ఘట్టం. బాగా కాలిన పెనం మీద చల్లిన నీటిబొట్టు వెంటనే ఆవిరైపోక గుండ్రంగా దొర్లుతుంది. బొట్టు కింద ఏర్పడే ఆవిరిపొర వేడిని అడ్డుకుంటుంది. దోసెలు పోసేవారందరూ ఎరిగిన ఈ విషయాన్ని 1756లో వర్ణించిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పేరుతో శాస్త్రజ్ఞులు పిలుస్తారు. అరికాలి చెమటే ఆవిరై పాదాన్ని కాపాడుతుందని 1977లో జెర్ల్ వాకర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ‘సైంటిఫిక్ అమెరికన్’లో వివరించాడు. ఆ నమ్మకంతోనే తరగతిలో విద్యార్థుల ఎదుట నిప్పులమీద నడిచేవాడు. ఒకసారి పాదాలు పొడిగా ఉండగా నడిచి బాగా కాల్చుకున్నానని ఆయనే నిజాయితీగా రాసుకున్నాడు. వివరణ అందంగా ఉంది, శాస్త్రీయ నామం ఉంది, ప్రదర్శన కూడా ఉంది. అందుకే అది పాఠాల్లోకీ ఉపన్యాసాల్లోకీ సులభంగా చేరింది. తడి పాదానికి నిప్పుకణికలు అంటుకుని ఎక్కువ కాల్చే ప్రమాదం కూడా ఉందన్న విషయం ఆ అందంలో కలిసిపోయింది. హేతువు పేరిట చెప్పిన మాట కనుక దానికి పరీక్ష అవసరం లేదని భావించడం మహిమను నమ్మడం కంటే మెరుగైన పద్ధతేమీ కాదు.

1985లో బెర్నార్డ్ లైకిండ్, విలియం మెకార్తీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లాంగ్లీ వదిలిన కొసను మళ్ళీ అందుకున్నారు. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణరాశి వేరు అన్నది వారి వాదానికి మూలం. మండే పొయ్యిలో రొట్టె, దానికింది పళ్ళెం, చుట్టూ ఉన్న గాలి ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంటాయి. గాలిలో చెయ్యి పెట్టవచ్చు, రొట్టెను క్షణం తాకవచ్చు, పళ్ళేన్ని తాకితే మాత్రం బొబ్బ వస్తుంది. కట్టెబొగ్గు తేలిక, అది నిలువ ఉంచుకునే వేడి తక్కువ. దాని ఉష్ణవాహకత ఇనుముతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. పైన పేరుకున్న బూడిద మరొక అడ్డు. పాదం ఆనిన చోట కణిక కొంత చల్లబడుతుంది, లోపలి వేడి తిరిగి పైకి వచ్చేలోగా పాదం లేస్తుంది. వేగంగా నడవడం మేలు. పరుగెత్తితే వేళ్ళు నిప్పుల్లోకి దిగబడతాయి, ఆగితే కాలుతుంది. గుండంలో ఇనుప రేకు ఒకటి పరిచి నడవమంటే భక్తుడూ నడవలేడు, భౌతికశాస్త్రవేత్తా నడవలేడు. స్మృతికారుని ఏడు రావి ఆకులకు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

ఈ తేడాను సూత్రంగా చెప్పకపోయినా ఆచరణలో పట్టుకున్నవాడు అబ్రహాం కోవూర్. కేరళలోని తిరువల్లలో పుట్టి సింహళంలో స్థిరపడిన ఈ హేతువాది 1963లో మహిమలు చూపేవారికి లక్ష రూపాయల సవాలు విసిరాడు. అందులోని ఒక అంశం ప్రకారం మండే నిప్పుల మీద అర నిమిషం పాటు కాళ్ళు కాలకుండా నిలబడాలి. ఆయన నడవమనలేదు. నడక ఎవరికైనా సాధ్యమేనని తెలిసినవాడు మాత్రమే ఇలా నిలబడమని అడుగుతాడు. ఆయన మరణానంతరం బి. ప్రేమానంద్ ఆ సవాలును కొనసాగిస్తూ ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. తెలుగునాట గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం విజయవాడలో నిప్పుల నడకను బహిరంగంగా నిర్వహించి, దేవుణ్ణి నమ్మనివారు కూడా నడవగలరని జనానికి చూపింది. 1937 నాటి అడ్‌కాక్ పరీక్షకు ఇది ప్రజల మధ్య జరిగిన రూపం. అయితే ఇలాంటి ప్రదర్శన రుజువు చేసేది ఒక్కటే: నడకకు దైవానుగ్రహం అవసరం లేదు. దైవం నాస్తికుణ్ణి కూడా కాపాడిందని అనుకునే భక్తునికి ఈ ప్రదర్శన అడ్డుచెప్పలేదు. కోవూర్ షరతు మాత్రం అడ్డు చెబుతుంది.

ఈ తేడా ఇప్పటికీ ప్రాణానికి, దేహానికి సంబంధించినదే. 2012 జూలైలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, ఆత్మవిశ్వాసం పెంచే శిక్షణలో భాగంగా జరిగిన నిప్పుల నడకలో 21 మందికి కాలిన గాయాలకు చికిత్స చేయవలసి వచ్చింది. నమ్మకం ఉంటే కాలదన్న మాట ఎంత అపాయకరమో, భౌతికశాస్త్రం ఉంది కనుక కాలదన్న మాట కూడా అంతే అపాయకరం. కట్టె రకం, బూడిద మందం, గుండం పొడవు, ముందు నడిచేవాడు ఆగిపోవడం, ఇవన్నీ ఫలితాన్ని మార్చగలవు. పాదం కాలిన భక్తుడు దీక్షలో లోపం ఉందన్న నింద కూడా మోయవలసి వస్తుంది. అడుగుల లెక్క తెలిసిన ఊళ్ళో ఆ నిందకు చోటుండదు.

కాలకపోవడానికి కారణం తేలాక, ఆచారం గురించి మరొక ప్రశ్న అడిగే వీలు కలిగింది. స్పెయిన్ దేశంలోని శాన్ పెద్రో మన్రిక్ గ్రామంలో ఏటా జూన్ 23 రాత్రి గ్రామస్తులు నిప్పులమీద నడుస్తారు, చాలామంది మరొకరిని వీపున మోస్తూ నడుస్తారు. అక్కడ నిప్పుల ఉపరితలం 677 డిగ్రీలుగా కొలిచిన పరిశోధక బృందం, దానితోపాటు మనుషుల గుండె వేగాన్ని కూడా నమోదు చేసింది. నడిచినవారు 12 మంది, వారి బంధుమిత్రులు 9 మంది, ఊరికి కొత్తవారు 17 మంది. 2011లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నడిచేవారి గుండె వేగంలోని హెచ్చుతగ్గులు, కదలకుండా నిలబడి చూస్తున్న బంధుమిత్రుల గుండె వేగంలోనూ అదే తీరున కనిపించాయి. కొత్తవారిలో ఆ పోలిక లేదు.