ఫెరారీ 250 జీటీఓ ధరలు: మూడు వేలాల సాక్ష్యం

2023 నవంబరులో న్యూయార్క్‌లో ఆర్‌ఎం సదబీస్ సంస్థ 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ కారును వేలం వేసింది. రుసుములతో కలిపి అది 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటు ప్రకారం సుమారు 430 కోట్ల రూపాయలు. అప్పటిదాకా వేలంలో ఏ ఫెరారీకీ అంత ధర రాలేదు. అయితే వేలానికి ముందు వేసిన అంచనా 6 కోట్ల డాలర్ల పైమాటే. రికార్డు ధర అన్నదీ నిజమే, అంచనా అందుకోలేదన్నదీ నిజమే. వీటిలో ఒక్కటే విన్న పాఠకుడికి మార్కెట్టు గురించి సగం సంగతే తెలుస్తుంది.

జీటీఓ ధర పెరగడమే తప్ప తగ్గడం ఎరగదని సేకర్తల లోకంలో గట్టి నమ్మకం ఉంది. దాన్ని పరీక్షించడానికి బహిరంగంగా దొరికే ఆధారాలు చాలా తక్కువ. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలో బోనమ్స్ వేలంలో ఒక కారు 3 కోట్ల 81 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2018 ఆగస్టులో మాంటెరేలో మరో కారు 4 కోట్ల 84 లక్షలు పలికింది. మూడోది పైన చెప్పిన న్యూయార్క్ అమ్మకం. మొదటి రెండింటి మధ్య నాలుగేళ్లలో ధర 27 శాతం పెరిగింది. ఆ కాలంలో అమెరికాలో సాధారణ ధరల పెరుగుదల 6 శాతం దాకా ఉంది. ఆ తర్వాతి అయిదేళ్లలో జీటీఓ ధర 7 శాతం కూడా పెరగలేదు. సాధారణ ధరలు మాత్రం 20 శాతానికి మించి పెరిగాయి. అంటే డాలరు కొనుగోలు శక్తితో కొలిస్తే 2023 నాటి రికార్డు 2018 నాటి ధర కంటే తక్కువే.

ఇంతమాత్రాన జీటీఓ విలువ పడిపోయిందని తేల్చడమూ తొందరపాటే అవుతుంది. అమ్ముడైనది ఒకే కారు మూడుసార్లు కాదు, మూడు వేర్వేరు కార్లు. పైగా వీటి క్రయవిక్రయాలు ఎక్కువగా ఇద్దరి మధ్య గుట్టుగా సాగిపోతాయి. 2018లో ఒక కారు 7 కోట్ల డాలర్లకు చేతులు మారిందని వార్తలు వచ్చాయి. వేలం ఫలితంలా ఎవరైనా సరిచూసుకోగల అంకె కాదది. అందుకే దాన్ని లెక్కలో కలపకుండా పక్కన పెడుతున్నాను.

ఎన్ని తయారయ్యాయన్న ప్రశ్నకు కూడా రెండు జవాబులున్నాయి. 1962 నుంచి 1964 వరకు తయారైనవి 36 అని ఎక్కువమంది అంటారు. 4 లీటర్ల ఇంజన్‌తో వచ్చిన మూడింటిని కలిపేవారు 39 అంటారు. తేడా అంతా దేన్ని జీటీఓ అనాలన్న నిర్వచనంలోనే ఉంది. ఏ లెక్క తీసుకున్నా సంఖ్య తక్కువే, అప్పటి పోటీ నియమాల ప్రకారం జీటీ తరగతికి వంద కార్లు ఉండాలి. ఇది కొత్త కారు కాదు, ఇప్పటికే ఆమోదం పొందిన పొట్టి ఛాసిస్ 250 జీటీకి మెరుగుపరచిన రూపమని ఫెరారీ వాదించి అనుమతి సంపాదించింది. తనిఖీదార్లను మోసగించడానికి ఛాసిస్ నంబర్లను దాటవేశారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. నంబర్ల మధ్య ఖాళీలున్న మాట నిజం. కానీ జీటీ కార్లకు బేసి సంఖ్యలే వేయడం, ఆ వరుసలోనే ఇతర మోడళ్లకూ నంబర్లు ఇవ్వడం ఫెరారీకి అప్పటికే అలవాటు. ఆ ఖాళీలకు ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

అసలు విషయం వేలాల్లో అమ్ముడైన ఆ మూడు కార్ల చరిత్రలో ఉంది. 2014లో అమ్ముడైన 3851 నంబరు కారు 1962 టూర్ ద ఫ్రాన్స్ మోటారు పోటీలో రెండో స్థానంలో నిలిచింది. ఆ అక్టోబరులోనే మోంట్‌లేరీ పందెపు బాటపై ఘోర ప్రమాదానికి గురైంది. అందులో ప్రాణం కోల్పోయినవాడు ఆన్రీ ఒరెయే. 1948 శీతాకాల ఒలింపిక్స్ స్కీయింగ్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఫ్రెంచ్ క్రీడాకారుడతను. కారును ఇటలీకి తెచ్చి బాగుచేశారు. 2018లో అమ్ముడైన 3413కు 1964లో పాత బాడీ తీసి కొత్త తరహా బాడీ తొడిగారు. 2023 నాటి 3765 అయితే 4 లీటర్ల ఇంజన్‌తో పుట్టింది. 1962 లె మాన్ పందెంలో ఫెరారీ సొంత జట్టు తరఫున పరుగెత్తి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఫ్యాక్టరీయే దానికి 3 లీటర్ల ఇంజన్ అమర్చి అమ్మింది.

మూడింటిలో ఏదీ పుట్టినప్పటి రూపంలో లేదు. అయినా కోట్ల డాలర్లు పలికాయి. ముట్టుకోని లోహం కంటే తెగని చరిత్రకే కొనేవారు ఎక్కువ విలువ ఇస్తున్నారని నేను అనుకుంటున్నాను. మార్పు జరగవచ్చు, అది ఎప్పుడు, ఎవరి చేతుల్లో జరిగిందో కాగితాల్లో ఉండాలి. మూడు ఉదాహరణలతో దీన్ని నిరూపణ అనలేం. కానీ మార్పులేని కారుకే మంచి ధర అన్న వాదనకు ఇవి గట్టిగా అడ్డు నిలుస్తాయి.

కాగితాలకు ఇంత బరువు రావడానికి తయారీ పద్ధతి కూడా కారణం. సెర్జో స్కాలియెట్టి పనిశాలలో అల్యూమినియం రేకులను చేత్తో కొట్టి బాడీలు చేశారు, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందువల్ల ఆకారం చూసి అసలో నకలో తేల్చలేం. వందల సంఖ్యలో తయారైన నాలుగు సీట్ల 250 జీటీఈకి కూడా ఇదే వంశపు 3 లీటర్ల వీ12 ఇంజన్ ఉంది. అలాంటి కార్లను విప్పి జీటీఓ నకళ్లు చేసినవారున్నారు. జీటీఈలో ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,600 మిల్లీమీటర్లు, జీటీఓలో 2,400. నకలు చేయాలంటే ఛాసిస్‌ను కోసి కుదించాలి. ఆ అతుకులు గొట్టాల మీద కనిపిస్తాయి. పరీక్షకులు మెరిసే ఎర్ర రంగు కంటే ముందు కారు కిందికి దూరి చూసేది ఈ గొట్టాలనూ వాటిపై కొట్టిన నంబరునూ.

పుట్టుకతో వచ్చిన ఒక్కో భాగానికీ ఎంత పట్టింపు ఉంటుందో లండన్ కోర్టుల్లో నడిచిన ఒక కేసు చెబుతుంది. 4 కోట్ల 40 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరిన ఒక జీటీఓకు అసలు గేర్‌బాక్స్ అమ్మకందారు దగ్గర లేదు, మూడో వ్యక్తి చేతిలో ఉంది. కారు నడవడానికి అడ్డేమీ లేదు, వేరే గేర్‌బాక్స్ బిగించే ఉంది. అయినా ఆ అసలుదాన్ని తెప్పించే బాధ్యత, ఖర్చు ఎవరివన్న వివాదం 2021లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది.